ఇమాం బాషా చేతి చక్కెర

బద్వేలులో సంతబజారు వెనక వీధిలో ఒక మాట ఇంకా నడుస్తూనే ఉంది. టీవీ ఆటల అంగడి పెట్టుకున్న ఇమాం బాషా పిల్లలకు చక్కెరలో మందు కలిపి పెట్టాడనీ, అది తిన్న పిల్లలు ఇల్లూ బడీ మరిచి అతని గడప దగ్గరే పడి ఉండేవారనీ, సంగతి బయటపడేసరికి పోలీసులకు జడిసి రాత్రికి రాత్రే ఊరు విడిచాడనీ ఆ మాట. మందు అంటే డాక్టరు రాసిచ్చేది కాదు. మనిషిని తమవైపు తిప్పుకోవడానికి తినేదాంట్లో కలిపి పెట్టేది. ఆ పేరు వింటే ఆ వైపు చదువుకున్నవాళ్ళు కూడా చేతిలోని టీ గ్లాసు కింద పెడతారు.

ఇందులో ఉన్నవన్నీ అబద్ధాలే. పోలీసులెవరూ రాలేదు. అతను రాత్రి పోలేదు. ఉదయం పదిగంటలకు, వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని ఉండగా, నాలుగు టీవీలనూ దుప్పట్లలో చుట్టి లగేజీ ఆటోలో ఎక్కించుకుని పోయాడు. ఇక మందు మాట. అది మొదట ఎవరి నోట పుట్టిందో వీధికి తెలుసు, పైకి చెప్పరు. కిరాణా అంగడి రామకోటయ్య భార్య నాగేంద్రమ్మ నోట పుట్టింది.

నాగేంద్రమ్మ అయిదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత చదివిందంతా వీధినే. అంగట్లో తక్కెడ ముందు కూర్చుని ఏ ఇంటికి ఏ సరుకు ఎంత పోతోందో చూసి ఆ ఇంటి కథ చెప్పేది. నెయ్యి ఎక్కువ పోతే కాన్పు దగ్గర పడింది. చక్కెర ఎక్కువ పోతే చుట్టాలొచ్చారు. కందిపప్పు మాని పెసరపప్పు అడిగితే ఎవరికో జ్వరం. చాలాసార్లు ఆమె చెప్పింది చెప్పినట్టే తేలేది. అందుకే ఆమె మాట అంటే వీధికి గురి. కొంప ముంచింది ఆ గురే.

ఇమాం బాషా పుట్టుకతో గాజులవాడు. భుజాన గాజుల మలారం వేసుకుని ముప్పై ఏళ్ళు ఆ వీధుల్లో తిరిగాడు. అతను చేతికి కొలత పెట్టగా చూసినవాళ్ళు లేరు. చేయి పట్టుకుని వేళ్ళు దగ్గరికి చేర్చి, బొటనవేలి కింది ఎముక ఒక్కసారి నొక్కేవాడు. అంతే, ఏ సైజో తెలిసిపోయేది. చిన్న గాజు ఎక్కిస్తే పగిలి చేయి కోస్తుంది, పెద్దది ఎక్కిస్తే బిందె ఎత్తేటప్పుడు జారి పగులుతుంది. ఈ రెండూ అతని చేతిలో జరగలేదు. గాజులు ఎక్కేటప్పుడు ఏడ్చే చంటిపిల్లల కోసం అతని సంచిలో ఒక చక్కెర డబ్బా ఉండేది. ఏడుపు మొదలవకముందే అరచేతిలో చిటికెడు పోసేవాడు. పిల్ల చక్కెర నాకేలోపు గాజులు మణికట్టు మీద ఉండేవి. నాగేంద్రమ్మ కూతుళ్ళిద్దరికీ మొదటి గాజులు తొడిగింది అతనే. కోడలు పద్మప్రియ సీమంతానికి రెండు చేతులా పచ్చగాజులు తొడిగిందీ అతనే.

తర్వాత ఆడపిల్లలు మట్టిగాజులు మానేశారు. బజారులో ఫ్యాన్సీ స్టోర్లు వచ్చాయి. రెండువేల మూడులో, కువైట్‌లో డ్రైవరు పని చేస్తున్న బావమరిది సెలవుకు వస్తూ ఒక టీవీ ఆటల పెట్టె, మూటెడు క్యాసెట్లు తెచ్చి పెట్టాడు. ఇమాం బాషా, రామకోటయ్య అంగడికి ఎదురుగా ఉన్న తన ఇంటి ముందుగదిలో అంగడి తెరిచాడు. మొదట ఒక టీవీ, ఏడాది తిరిగేసరికి నాలుగు.

అంగడి తెరిచిన వారానికే నాగేంద్రమ్మ చూడటానికి పోయింది. చూడకుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. లోపల ఇమాం బాషా నేల మీద కూర్చుని క్యాసెట్లకు రంగు దారాలు కడుతున్నాడు.

“ఏందప్పా బాషా ఇది, దిష్టి తగులుతాదని కడతాండావా?”

“దిష్టికి కాదక్కా. సైజు.”

“ఆటకు సైజేందప్పా!”

“గాజుకు లేదా? అట్లనే. పచ్చదారం కట్టింది మూడో తరగతి లోపలి పిలకాయలకు. పసుప్పచ్చది అంతకంటే పెద్దోళ్ళకు. ఎర్రది పిల్లోళ్ళకు ఎవురికీ ఇయ్యను.”

“ఇయ్యనిది అంగట్లో ఏమిటికి పెట్టుకుంటివి?”

“మూటలో వచ్చినాయి గదా. ఆడి చూస్తే తెలిసె. అన్నీ తుపాకులే. మనిషి పడితే రగతం కారతాది, కారినకొద్దీ మార్కులు ఏస్తాండారక్కా దాంట్లో.”

“మరి ఏది ఎవురికి సరిపోతాదో నీకెట్ల తెలుస్తాది?”

“మధ్యాన్నం తలుపేసుకోని ముందు నేనాడతా. ఆమీద మా మనవరాలు సబీనాను కూచోబెట్టి, టీవీని కాకుండా ఆ పిల్లను చూస్తా. ఆట అయిపోయినంక నగుతా లేసిందనుకో, పచ్చదారం. పండ్లు కొరుక్కుంటా లేసిందనుకో, ఎర్రది.”

“యాభై ఏండ్ల మనిషివి, తలుపేసుకోని ఆటలాడుకుంటాండావా!”

లోపలి నుంచి అతని భార్య మాబున్నీసా అందుకుంది. “అడుగక్కా, బాగా అడుగు. నిన్న సంగటి చల్లారిపోతాదని పిలిస్తే, ఉండు, బాతు ఇంగా పిల్లలను ఏరు దాటించలా అంటాడు.”

ముగ్గురూ నవ్వారు. నాగేంద్రమ్మ ఇంటికొచ్చి ఆ బాతు కథను వారం రోజులు వీధంతా చెప్పింది.

అంగడిలో ఇంకో పద్ధతి ఉండేది. చిన్నపిల్లలకు అరగంటే. అరగంట కాగానే ఇమాం బాషా మీట నొక్కేసేవాడు. పిల్లలు గోల పెట్టేవారు, కొందరు రిమోటు వదలక నేల మీద పొర్లేవారు. అప్పుడు పాత చక్కెర డబ్బా బయటికి వచ్చేది. ఒక్కొక్కరి అరచేతిలో చిటికెడు పోసి, “నాక్కుంటా ఇంటికి పోండి” అనేవాడు. ఏడుస్తున్నవాడు ఏడుస్తూనే నాకేవాడు, వీధి మలుపు తిరిగేసరికి ఏడుపు మరిచేవాడు. అంగట్లో కూర్చున్న నాగేంద్రమ్మ, ఈ మధ్య మాబున్నీసా చక్కెర ఎక్కువ తీసుకుపోతోందని గమనించి, కువైట్ బావమరిదికి పెళ్ళి కుదిరి చుట్టాలు దిగారని తేల్చింది. ఆ అబ్బాయికి పెళ్ళయి పదేళ్ళయిందని తర్వాత తెలిసినా ఆ చక్కెర సంగతి మళ్ళీ ఆలోచించలేదు.

ఆమె మనవడు సుదర్శన్‌కు అప్పుడు ఏడేళ్ళు. రోజూ సాయంత్రం పోయి పచ్చదారం ఆటలు ఆడి, అరచేయి నాక్కుంటూ వచ్చేవాడు. ఒకరోజు ఏడో తరగతి సమీవుల్లా ఎర్రదారం క్యాసెట్ల గురించి వాడి చెవిలో వేశాడు. ఆ రోజు నుంచి సుదర్శన్‌కు అదే కావాలి. ఇమాం బాషా ఇవ్వలేదు. నాలుగు రోజులు అడిగి, అయిదో రోజు ఇంటికొచ్చి తండ్రి మురళి ముందు ఏడ్చాడు. కిరాణా అంగడి పెత్తనం కొత్తగా చేతికొచ్చిన మురళికి అది తన పరువు సంగతిగా కనిపించింది.

“ఏమప్పా బాషా, నా కొడుకు అడిగిన ఆట ఇయ్యనంటివంట?” అని వీధిలోనే నిలబడి అడిగాడు.

“పిల్లోనికి ఏడేండ్లు మురళీ. అది వానికి సరిపోదు.”

“సరిపోతాదో లేదో చెప్పేకి నువ్వెవురు?”

“నీ పెండ్లాం సీమంతానికి గాజులు తొడిగినోన్ని. ఆ పొద్దు నువ్వొచ్చి, చేతికి ఎక్కకపోయినా సరే ఆ చిన్నగాజులే ఎక్కించు, చూసేకి బాగుండాయి అనింటే ఎక్కించిందునా?”

“గాజుల మాటలు గాజులకాడ చెప్పుకో. నా కొడుకు నీ గడప తొక్కితే అడుగు.”

మురళి బస్తా మూతి విప్పి గింజ కొరికి చూడనిదే కందిపప్పు కొనే మనిషి కాదు. ఆ ఆదివారం కడపకు పోయి, పిల్లవాడికి ఆటల పెట్టె కొనేటప్పుడు మాత్రం ఏమీ చూడలేదు. “శానా మంది ఆడేది, పెద్దది ఇయ్యి” అన్నాడు. అంగడివాడు డబ్బా మీద తుపాకీ పట్టుకుని నిలబడిన మనిషి బొమ్మ ఉన్నది ఇచ్చాడు. బొమ్మ బాగా పెద్దదిగా ఉంది. మురళికి అది చాలింది.

పెట్టె మిద్దె మీది గదిలో బిగించారు. ఇంట్లో అరగంట అన్న లెక్క లేదు, మీట నొక్కేవాళ్ళు లేరు. పిల్లవాడు వీధిలో తిరగకుండా ఒకచోట కూర్చున్నాడని నాగేంద్రమ్మ మొదట సంతోషించింది కూడా. పద్మప్రియ మాత్రం ఒకసారి అన్నది, “అత్తా, వాడు పండ్లు కొరుకుతాండాడు ఆడేటప్పుడు.” కోడలి మాట ఆ ఇంట్లో ఫ్యాను గాలి వంటిది, వచ్చినట్టే పోయేది.

నెలన్నర గడిచేసరికి సుదర్శన్ అన్నం సగంలో వదిలేయడం, నిద్రలో ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం మొదలైంది. భోజనానికి లేపబోయిన తల్లి చేయి కొరికాడు. పాలకంకి లాంటి పిల్లవాడు కళ్ళ కింద నలుపుతో పీక్కుపోయాడు. నాగేంద్రమ్మ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆమెకు చేతనైన పని చేసింది. అడిగింది.

“నాయనా, నీకు ఎవురన్నా ఏమన్నా పెట్టినారా తినేకి?”

వాడు ఆలోచించి, “బాషా తాత పెట్టేవాడు,” అన్నాడు.

“ఏం పెట్టేవాడు?”

“చక్కెర.”

“తింటే ఎట్లుండె?”

“తియ్యగుండె. మళ్ళా పోవాలనిపిచ్చె.”

అంతే. మందే అని నాగేంద్రమ్మ తేల్చేసింది. వాడు ఆడే మిద్దె గది తలమీదే ఉన్నా అటు చూపు పోలేదు. పక్కింటి నాగశ్రీని గోడ దగ్గరికి పిలిచి, “ఎవురికీ చెప్పొద్దు” అంటూ మొదలుపెట్టింది. మధ్యాహ్నం కొళాయి దగ్గర ఆ మాట బిందెలతో పాటు నిండింది. సాయంత్రానికి నాలుగు వీధుల్లో పిల్లల అరచేతులు సబ్బుతో కడిగారు. ఇందులో మనవాళ్ళు, వాళ్ళవాళ్ళు అని లేదు. సమీవుల్లా తల్లి కూడా కొడుకును చెవి పట్టుకుని అంగడి నుంచి లాక్కుపోయింది.

మరుసటి రోజు సుదర్శన్‌ను పోరుమామిళ్ళ దోవలో ఒక పల్లెకు తీసుకుపోయారు. అక్కడ మందు కక్కించే మనిషి ఒకడుంటాడు. ఆకుపసరేదో గొంతులో పోసి, పిల్లవాడి కడుపు నొక్కాడు. వాడు పేగులు తెగేటట్టు కక్కాడు. కక్కినదాంట్లో పుల్లతో కెలికి, నల్లటి ముద్ద ఒకటి తీసి తట్టలో పెట్టి చూపించాడు. “ఇదే. ఇంగొక నెల ఉండింటే పిల్లోడు దక్కేవాడు కాదు.” వెంట పోయిన ఆడవాళ్ళంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

“పొద్దున తిన్న నేరేడు పండ్లు అత్తా అవి,” అన్నది పద్మప్రియ.

“నువ్వు గమ్ముగా ఉండు,” అన్నది నాగేంద్రమ్మ.

మూడు రోజులు వాడు నీళ్ళు కూడా మింగలేకపోయాడు. పెట్టె ముందు కూర్చునే ఓపిక లేక ఆ మూడు రాత్రులూ బాగా నిద్రపోయాడు. మందు దిగిపోయిందనడానికి వీధికి ఆ నిద్రే సాక్ష్యమైంది. నాలుగో రోజు వాడు లేచి మళ్ళీ మిద్దెక్కాడు.

ఇమాం బాషా అంగడిలో నాలుగు టీవీలూ నల్లగా ఉండిపోయాయి. అతను తలుపు తెరిచి, చక్కెర డబ్బా పక్కన పెట్టుకుని, వీధివైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరితోనూ పోట్లాడలేదు. “నేనేం చేస్తి?” అని ఎవరినీ అడగలేదు. అతన్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. మసీదు పెద్దలు అడగలేదు, రామకోటయ్య అడగలేదు. ఊళ్ళో ప్రతి ఇంటి పొయ్యిమీద ఏముందో అడిగి తెలుసుకునే నాగేంద్రమ్మ, ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. మాబున్నీసా తమ అంగడికి రావడం మానేస్తే, తప్పు చేసినందుకే మొహం చాటేస్తోందని లెక్క కట్టింది.

ఇరవై రోజులు చూసి, ఇమాం బాషా లగేజీ ఆటో పిలిపించాడు. ఎక్కే ముందు వీధి దాటి రామకోటయ్య అంగడి మెట్టు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక క్యాసెట్టు, దానికి పచ్చదారం.

“సుదర్శన్‌కు,” అన్నాడు. “మురళి తెచ్చిన పెట్టెలోకి ఇది ఎక్కుతాది. వానికి సరిపోతాది.”

రామకోటయ్య చేయి చాపలేదు. ఇమాం బాషా దాన్ని మెట్టు మీద పెట్టి పోయాడు. ఆటో మలుపు తిరిగింది. తర్వాత అందరి చూపూ ఆ దారం మీద పడింది. క్యాసెట్టుకు దారం కట్టడం అంగడి పెట్టిన రోజు నుంచీ వాళ్ళు చూస్తున్నదే. అయినా ఆ పొద్దు అది తాయెత్తు దారంలా కనబడింది. నాగేంద్రమ్మ లోపలికి పోయి పట్టకారు తెచ్చింది. పాముపిల్లను పట్టినట్టు దాన్ని పట్టుకుపోయి నీళ్ళ పొయ్యిలో వేసింది. ప్లాస్టిక్కు మంటకు ఇల్లంతా రెండు రోజులు కంపు కొట్టింది. ఆ కంపు కూడా మందుదే అన్నారు.

మనిషి పోయాడు, చక్కెర పోయింది, సుదర్శన్ మాత్రం బాగుపడలేదు. రెండు నెలల తర్వాత బడిలో ఒక పిల్లవాడి మీద పడి గొంతు పట్టుకున్నాడు. హెడ్మాస్టరు పిలిపించి మాట్లాడాక, కడపలో పిల్లల డాక్టరు దగ్గరికి పోక తప్పలేదు. డాక్టరమ్మ నాలుక చూడలేదు, నాడి చూడలేదు. “ఇంట్లో ఏం ఆడతాడు?” అని అడిగింది. మురళి గర్వంగానే చెప్పాడు. ఎంతసేపని అడిగితే, పద్మప్రియ చెప్పింది. ఆమె మాట ఒకరు పూర్తిగా విన్నది ఆ రోజే.

పెట్టె అటకెక్కింది. పదిహేను రోజులకు పిల్లవాడు పక్క తడపడం మానేశాడు. నెలకు పెరుగన్నం రెండోసారి అడిగాడు. అప్పుడు నాగేంద్రమ్మ వాణ్ణి మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“ఆ తుపాకుల ఆట బాషా అంగట్లో ఆడినావా నువ్వు?”

“లేదవ్వా. ఎన్నిసార్లు అడిగినా ఇయ్యలా. బాతు ఆటే ఇచ్చేవాడు. పెద్దయినంక రా, అప్పుడు చూస్తాం అనేవాడు.”

నాగేంద్రమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం గోడ దగ్గరికి పోయి నాగశ్రీని పిలిచింది. ఈసారి ఎవరికీ చెప్పొద్దు అనలేదు. అందరికీ చెప్పమన్నది.

“ఇప్పుడట్ల చెప్తే ఎట్లక్కా? కక్కింది కండ్లారా చూస్తిమి గదా, నల్లగా.”

“నేరేడు పండ్లంట అవి.”

“ఎవురు చెప్పినారు?”

“పద్మప్రియ.”

“కోడలి మాట నువ్వెప్పుడు నమ్మితివిలే అక్కా!” అని నవ్వి నాగశ్రీ ఇంట్లోకి పోయింది.

నాగేంద్రమ్మే ఇంటింటికీ పోయి చెప్పింది. విన్నారు. తలలూపారు. మురళి, “పోయినోని సంగతి ఇప్పుడేలమ్మా, మన పరువు పోతాది” అని కసిరాడు. మందు మాట చెప్పినప్పుడు ఆమె వెంట పరుగెత్తిన వీధి, మందు లేదన్నప్పుడు అరుగు మీద నుంచి లేవలేదు. పైగా దానికి పోలీసులనూ రాత్రి ప్రయాణాన్నీ కలుపుకుంది.

రెండేళ్ళ తర్వాత శ్రీరామనవమి ఉత్సవాలకు నాగేంద్రమ్మ ఒంటిమిట్ట పోయింది. కోదండరాముని దర్శనం చేసుకుని, గుడి దోవలో వరసగా పరిచిన గాజుల అంగళ్ళ మధ్య నడుస్తూ, ఒక చోట కూర్చుని చేయి చాపింది. గాజులవాడు తల ఎత్తలేదు. వేళ్ళు దగ్గరికి చేర్చి, బొటనవేలి కింది ఎముక నొక్కాడు. నొక్కిన చేయి అక్కడే ఆగింది.

“చెయ్యి చిక్కింది నాగేంద్రమ్మక్కా,” అన్నాడు ఇమాం బాషా.

అతని గడ్డం తెల్లబడింది. వెనక మాబున్నీసా గాజుల డబ్బాలు సర్దుతోంది. ఆమె చూసింది, చూసి మళ్ళీ డబ్బాలవైపు తిరిగింది. సంచి పక్కన పాత చక్కెర డబ్బా లేదు.

“రెండున్నర ఎక్కేది నీకు. ఇంగ రెండుంపావు చాలు.” అతను ఎరుపు గాజులు ఏరుతూ అడిగాడు. “సుదర్శన్ ఎట్లుండాడు?”

“బాగుండాడు. నాలుగో తరగతి.”

“నేనిచ్చింది ఆడినాడా?”

నాగేంద్రమ్మకు పట్టకారు గుర్తొచ్చింది. “ఆ” అన్నది.

అతను నమ్మాడో లేదో తెలియదు. ఒక్కొక్క గాజే ఎక్కిస్తున్నాడు. ఆమె మనసులో రెండేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలున్నాయి. తప్పు తనదని చెప్పాలి. ఊరికి రమ్మని అడగాలి, అందరి ముందూ తాను నిలబడి చెబుతానని మాటివ్వాలి. తప్పు ఒప్పుకోవడం ఆ నోటికి ఎన్నడూ అలవాటు లేదు. అలవాటైనది అడగడమొక్కటే. ఆనాడు ఇరవై అడుగుల దూరం నుంచి అడగకుండా వదిలేసినది, ఇప్పుడు చేయి అతని చేతిలో ఉండగా బయటికొచ్చింది.

“బాషా, నిజం చెప్పు. ఆ చక్కెరలో ఏం కలిపేవాడివి?”

ఇమాం బాషా చివరి గాజు నెమ్మదిగా ఎముక దాటించాడు. పగలలేదు. ఆమె చేయి వదిలి, మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

“నాకేం తెలుసక్కా? మీ అంగట్లో చక్కెరే అది. నువ్వే తూచి ఇస్తాంటివి.”